గుమ్మం దగ్గరి దర్జీ

మా సంఘంలో ఆయన్ని అందరూ ‘రేపు బాబాయి’ అంటారు. గిట్టనివాళ్లు పెట్టిన పేరు కాదది; బట్టలు కుట్టడానికిచ్చిన వాళ్లు పెట్టింది. ఆయన కొట్టు ఒక పాత మేడ మెట్ల కింద ఉన్న చిన్న గది. ఒక మిషను, ఒక కత్తిరింపు బల్ల, గోడకు కొక్కేలు. ఆ కొక్కేలకు ఒక చెయ్యి వచ్చి రెండో చెయ్యి రాని కోట్లు, కాలరు లేని చొక్కాలు, కాజాలు కుట్టి గుండీలు మరిచిన జాకెట్లు. ఎవరు వెళ్లి అడిగినా మెడలోని టేపు సవరించుకుని, కళ్లద్దాల మీదుగా చూసి, ఎంతో ఆప్యాయంగా “రేపు తప్పకుండా ఇచ్చేస్తా” అంటాడు. ఆ ‘తప్పకుండా’ను ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతాడని నా అభిప్రాయం. ఆయనలో ప్రమాదమంతా అక్కడే ఉంది. తెలిసి ఆడే అబద్ధానికి ఎక్కడో ఒక తడబాటు ఉంటుంది. ఆయన మాటకు అది లేదు.

ఈ లోపాన్ని మొట్టమొదటే చెప్పడానికి కారణముంది. ఆ మనిషి ఇంకా నిక్షేపంగా బతికి ఉండగానే మా వాళ్లు ఆయన గురించి కథలు చెప్పుకుంటున్నారు. ఆ కథల్లో ఆయన దాదాపు దేవదూత అయిపోయాడు. దేవదూతలు ప్యాంట్లు ఆలస్యం చెయ్యరు. జరిగింది జరిగినట్టు చెప్పాలంటే ఆలస్యమైన ప్యాంట్లతో సహా చెప్పాలి.

మా ప్రార్థనా మందిరం తలుపుకు రెండు బరువైన రెక్కలున్నాయి. కట్టిన మేస్త్రి ఏ ఆలోచనలో ఉన్నాడో గాని, వదిలితే అవి వాటంతటవే మూసుకుపోతాయి. లోపలికి వచ్చేవాళ్ల భుజానికో, చంకలోని బిడ్డ తలకో తగులుతాయి. అందుకని ఎవరో ఒకరు పట్టుకు నిలబడాలి. గౌరవం లేని పని కనక దానికి పోటీ లేదు. దర్జీ పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం ఊరికే పట్టుకున్నాడు. ఆ తరవాత వదల్లేదు. వారమంతా రేపు రేపు అనే మనిషి ఆదివారం ఉదయం మాత్రం అందరికంటే ముందుండేవాడు. కోటు అంచుకు గుచ్చుకున్న పిన్నీసులతో గుమ్మంలో నిలబడి, వచ్చేవాళ్ల కాలర్లు సర్దేవాడు, భుజాల మీది దారప్పోగులు తీసేవాడు, అంచు ఊడిన ఆడవాళ్లకు పక్కకు చూస్తూ పిన్నీసు అందించేవాడు. “తలుపు దగ్గర నన్నెవరూ ఎప్పుడిస్తావని అడగరండీ, అదొక్కటే నాకు హాయి” అని ఒకసారి నాతో అన్నాడు. అదీ నిజం కాదు. చాలామంది అక్కడే అడిగేవారు. అయినా ఆ హాయి నిజమే. ఆయన ముఖం చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

ఇక మా సంఘం గురించి చెప్పాలి. సంవత్సరానికొకసారి మాకు ‘విడుదల ఆదివారం’ వస్తుంది. దేవుడు తమను ఏ బంధకం నుంచి విడిపించాడో కొందరు లేచి సాక్ష్యం చెబుతారు. ఎప్పుడో ఎవరో నిజంగా విడుదలై, నిజంగా ఏడ్చి చెప్పిన మాటతో ఇది మొదలైంది. మంచి పనులకు సాధారణంగా పట్టే గతే దీనికీ పట్టింది, కమిటీ ఏర్పడింది. కమిటీ అన్నాక పని ఉండాలి కనక ముందురోజు మధ్యాహ్నం ‘సరిచూత’ అనేది వచ్చింది. రేపు చెప్పబోయే సాక్ష్యాలను ఈరోజు మా ముందు చెప్పి చూపించాలి. గొంతు చివరి బల్లదాకా వినిపిస్తుందా, పిల్లలు వినగూడని వివరాలున్నాయా, ముగింపులో విజయం ఉందా అని మేం చూస్తాం. ఒక్క షరతు మాత్రం ఎన్నడూ సడలదు. పాపం గతానిదై ఉండాలి. ఎంత పెద్దదైనా ఫరవాలేదు, పూర్తిగా ముగిసిపోయి ఉండాలి. నిన్నటి తాగుబోతుకు మైకు ఇస్తాం. ఇవాళ్టి తాగుబోతును వాకిట్లోనే ఆపేస్తాం.

ఈ పద్ధతిలో అందరికంటే రాణించినవాడు సీసా మామయ్య. ఆయన దర్జీ భార్యకు స్వయానా అన్న. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన సాక్ష్యం పెరగడాన్ని నేను కమిటీలో చేరినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చాను. నేను విన్న తొలి ఏడాది ఆయన తాగేవాడు, భార్య బాధపడేది, మానేశాడు. మరుసటి ఏడు సీసాలు పెట్టెలయ్యాయి. ఆ తరవాత మురిక్కాలవ వచ్చింది. ఆయన అందులో పడ్డాడు. ఇంకో ఏడు ఒక కుక్క వచ్చి ఆయన ముఖం నాకింది. ఆ మరుసటి ఏడు ఆ కుక్క కన్నీరు పెట్టుకుంది. కుక్క ఏడ్చిన ఆదివారం సంఘమంతా ఏడ్చింది. కమిటీలో ఆయనకు సభ్యత్వం వచ్చిందీ ఆ తరవాతే.

కమిటీకి పెద్ద హెడ్‌మాస్టరమ్మ. మా కాపరికి, అంటే పాస్టరుగారికి, చిన్నప్పుడు లెక్కలు చెప్పింది ఆవిడే. ఆ భయం ఆయన్ని ఇంకా పూర్తిగా వదల్లేదు. కుక్క ఏడ్చిన మరుసటి ఏడాదంతా కాపరి స్వాతంత్ర్యం గురించే బోధించాడు. కాడి విరిగిపోయిందనీ, మనం దాసులం కాదు బిడ్డలమనీ, బిడ్డలు ఇంట్లో భయపడుతూ తిరగకూడదనీ చెప్పాడు. మంచి బోధ. అందరూ తలలూపారు. తరవాత ఆ స్వాతంత్ర్యాన్ని ఎవరు ఎంతవరకు పొందారో తేల్చడానికి నియమాలు కావలసి వచ్చాయి.

ఆ రోజుల్లోనే పెయింటరు వచ్చాడు. గోడలకు సున్నాలూ రంగులూ వేసే మనిషి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ నీలమో పచ్చో ఉండేది. తాగుతాడు. తాగుతాడన్నది మాకు వాసన చెప్పింది. కొన్ని ఆదివారాలు వీధికి అవతల కొట్టు అరుగు మీద కూర్చుని పాటలు విని వెళ్లిపోయేవాడు. ఒక ఆదివారం దర్జీ తలుపు రెక్కకు ఒక రాయి అడ్డం పెట్టి వీధి దాటి వెళ్లాడు.

“ఏం తమ్ముడూ, పాటలు ఇక్కడికి సగమే వినిపిస్తాయి. లోపలికి రా.”

“వద్దులే అన్నా. మానేశాక వస్తా.”

“ఒళ్లు తగ్గాక కొలతలు ఇస్తానని ఎవరైనా నా కొట్టు చుట్టూ తిరిగితే ఏమవుతుంది? అంతవరకూ చొక్కా లేకుండా తిరగాలి. ఇప్పుడున్న ఒంటికే కుడతాను నేను. లే.”

“కుడతావు సరే, ఎప్పుడిస్తావన్నా?” అన్నాడట పెయింటరు. ఆయన చొక్కా కూడా ఆ కొక్కేల మీదే ఉంది.

“ముందు లోపలికి రారా బాబూ!” అని దర్జీ నవ్వుతూ చెయ్యి పట్టుకు తీసుకొచ్చి చివరి బల్ల మీద కూర్చోబెట్టాడు.

పెయింటరు గొడవ చెయ్యలేదు. పాటలు కాస్త గట్టిగా పాడాడు, ప్రార్థనలో నిద్రపోయాడు. నిద్రపోయినవాళ్లు ముందు బల్లల్లోనూ ఉన్నారు కాని వాళ్ల దగ్గర వాసన లేదు. ఆరాధన ముగిశాక హెడ్‌మాస్టరమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

“ఏమయ్యా, ఆ మనిషిని లోపలికి ఎవరు రానిచ్చారు?”

“నేనేనండీ.”

“తాగి ఉన్నాడు.”

“కొంచెమేనండీ. నేను చూశాను.”

“చూసి కూడా రానిచ్చావా?”

“చూడకుండా తలుపెలా తీస్తానండీ?”

ఆవిడ గుమ్మం దాటి వెళ్లిపోయింది. తరవాతి కమిటీ సమావేశంలో ఒక తీర్మానం తెచ్చింది. విడుదల పొందినట్టు సంఘం ముందు సాక్ష్యం చెప్పనివారు సంఘంలో ఏ సేవా చెయ్యరాదు. అందులో ఎవరి పేరూ లేదు; పెట్టనక్కరలేదు. సేవ చేస్తున్నవాళ్లలో ఇంతవరకూ సాక్ష్యం చెప్పనివాడు ఒక్క దర్జీయే. విడుదల ఆదివారం నాడు చెబితే తలుపు ఆయనది. చెప్పకపోతే వేరొకరిది.

హెడ్‌మాస్టరమ్మ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. దర్జీ భార్యకు ఆపరేషనైనప్పుడు ఆసుపత్రి బల్ల మీద రోజుల తరబడి కూర్చున్నది ఆవిడే. ఆవిడ తండ్రి తాగి ఇల్లు గుల్ల చేశాడు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ ఆవిడ చేతివేళ్లు బిగుసుకుంటాయి. ఆవిడకున్నది కాఠిన్యం అనుకునేవాళ్లు ఆ వేళ్లను చూసి ఉండరు.

దర్జీ ఇంట్లో ఆ వారం జరిగిన మాటలు నేను వినలేదు. ఆయన భార్య మా ఆవిడకు చెప్పింది; మా ఆవిడ నాకు చెప్పింది. దారిలో కొంత మెరుగు పడి ఉండవచ్చు. మొత్తం మీద నమ్మదగినవే.

“ఏమండీ, కాస్త గుర్తు తెచ్చుకోండి. ఒక్కటైనా ఉండదా?” అని ఆమె చొక్కా చేతులు ఇస్త్రీ చేస్తూ అడిగింది.

“ఏముందే? తాగలేదు, ఆడలేదు, కొట్టలేదు. చిన్నప్పుడు మా అత్తయ్య డబ్బాలో చక్కెర తిన్నాను.”

“చక్కెరకు ఎవరు ఏడుస్తారు? అన్నయ్య కుక్కను ఏడిపించాడు, మీరు మనుషుల్నయినా ఏడిపించొద్దూ?”

“మనుషులు నా కొట్టు దగ్గర ఏడుస్తూనే ఉన్నారుగా.”

“నవ్వకండి. మీతో ఇన్నేళ్లు కాపరం చేసిన నాకే కనబడని పాపం ఇప్పుడెక్కడ దొరుకుతుంది?”

“ఇది మెచ్చుకోలా, తిట్టా?”

“తిట్టే. మీ బద్ధకం సంగతి నాకు తెలీదా? పాపం కూడా రేపు చేద్దాంలే అనుకునుంటారు. అట్లా మిగిలిపోయారు.”

ఆమె అంతలోనే ఇస్త్రీపెట్టె నిలబెట్టి, “పోనీ వదిలెయ్యండి. తలుపేగా” అందట. ఆయన ఇస్త్రీ అయిన చొక్కా అందుకుని మడతపెట్టాడు. చివరికి, “తలుపు తీసేసుకుంటే ఆదివారం నేనేం చెయ్యాలో నాకు తెలీదే” అన్నాడు. ఆ మాట విని ఆమె అన్నయ్యకు కబురు పెట్టింది.

సరిచూత రోజు నేను అక్కడే ఉన్నాను. దర్జీ టేపు మెడలో వేసుకునే వచ్చాడు. తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ మెడలో వేసుకున్నాడు. మొదట చక్కెర చెప్పాడు. హెడ్‌మాస్టరమ్మ పెదవి విరిచింది.

“ఇంతేనా?”

“ఇంతేనండీ.”

“చూడు బాబూ. మనిషి స్వభావంలో అన్ని పాపాలూ విత్తనాల్లా ఉంటాయి. విత్తనాన్ని కాస్త మొలకెత్తించి చెబితే అది అబద్ధం కాదు. వినేవాళ్లకు మేలు.”

కాపరి నేల చూశాడు. అప్పుడు సీసా మామయ్య గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, నా సాక్ష్యంలో మొదట్లో కొంత పేకాట ఉండేది. కుక్క వచ్చాక చోటు లేక తీసేశాను. బావకు అది సరిపోతుందేమో. వాడకుండా ఉంచడం దేనికి?”

“పేకాట ఎక్కడ ఆడాడు, ఎవరితో ఆడాడు?” అని నేను అడిగాను.

“సాక్ష్యానికి కూడా రుజువులు కావాలంటే ఇక కోర్టుకే పోవాలండీ” అన్నాడు సీసా మామయ్య, అందరి నవ్వునూ తన పక్కకు లాక్కుంటూ.

దర్జీ నా వైపు చూశాడు, కాపరి వైపు చూశాడు. తరవాత తలుపు వైపు చూశాడు. ఎండ పడి ఆ రెక్కల మీది పాత వార్నిషు మెరుస్తోంది. ఆయన మెల్లగా పేకాట చెప్పాడు. బావ అందించిన మాటలే. రాత్రుళ్లు ఇంటికి రాకపోవడం, పెళ్లి ఉంగరం పోగొట్టుకోవడం. ఉంగరం అంటున్నప్పుడు ఆయన వేలికి ఉంగరం ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను అభ్యంతరం చెప్పాను. నా ఒక్క చెయ్యే లేచింది. సాక్ష్యం ఆమోదం పొందింది.

సాయంత్రం సీసా మామయ్య కొట్టుకు వెళ్లాడు. అక్కడ ఏం జరిగిందో ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. రెండు కథనాలూ కలుస్తున్నాయి కనక రాస్తున్నాను.

“బాగా చెప్పావు బావా. రేపు ఇంకాస్త గొంతు వణికించు. ఉంగరం దగ్గర ఆగు. ఆగితే ఎవరో ఒకరు ముక్కు తుడుచుకుంటారు, అక్కణ్నించి పట్టుకో.”

దర్జీ మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. “బావా, నిజం చెప్పు. నువ్వెంత తాగేవాడివి?”

“అదేం ప్రశ్న?”

“నా పెళ్లినాటికి నువ్వు తపాలా ఆఫీసులో ఉన్నావు. ఒక్కరోజు కూడా తూలగా నేను చూడలేదు.”

సీసా మామయ్య బయటికి ఒకసారి చూసి, తలుపు కొంచెం దగ్గరికి వేశాడు. “రెండు గ్లాసులు. మా ఆఫీసరు రిటైరైన రోజు. వాంతయింది. మళ్లీ ముట్టుకోలేదు.”

“మరి కాలవ?”

“చెప్పులోకి నీళ్లు పోయాయి, అంతే.”

“కుక్క?”

“కుక్క ఉంది. మా వీధిదే. నన్ను చూసి మొరిగింది.” ఆయన బల్ల మీది సుద్దముక్క తీసి తిప్పుతూ కూర్చున్నాడు. “మొదటి ఏడు నిజమే చెప్పాను బావా. రెండు గ్లాసులు అన్నాను. ఎవరూ తలెత్తలేదు. మరుసటి ఏడు ఒక సీసా అన్నాను, ఇద్దరు ‘స్తోత్రం’ అన్నారు. ఇక దిగడానికి మెట్లు లేవు. ప్రతి ఏడూ ఆ నెల వస్తోందంటే నాకు నిద్ర పట్టదు. ఈసారి ఏం కలపాలి? కుక్క ఏడ్చాక ఇంకేముంది? మీ అక్క సాక్ష్యం రోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉండిపోతోంది. ఆమె ఎందుకు రాదో నాకు తెలుసు.”

“అలాంటిది నాకెందుకు తొడిగావు?”

“నీ తలుపు పోకూడదని.”

ఆ మాట నిజమేనని దర్జీ నమ్మాడు. నేనూ నమ్ముతున్నాను. ఒక మనిషి మెడలోని గుదిబండను ప్రేమ కొద్దీ ఇంకొకరి మెడలో వెయ్యడం మా సంఘంలో అదే మొదటిసారి కాదు.

విడుదల ఆదివారం మందిరం నిండింది. దర్జీ ఎప్పటిలాగే ముందుగా వచ్చి తలుపు పట్టుకున్నాడు. పెయింటరు చివరి బల్ల మీద ఉన్నాడు. ఆరోజు వాసన తక్కువ. హెడ్‌మాస్టరమ్మ పిలిచినప్పుడు దర్జీ తలుపును బావకు అప్పగించి నడుచుకుంటూ ముందుకు వచ్చాడు. మైకు మరీ దగ్గరగా పట్టుకోవడంతో అది కుయ్యిమంది.

“అందరికీ వందనాలు. నాకు మాట్లాడటం రాదు. నిన్న కమిటీ ముందు పేకాట అని చెప్పాను. నేను పేకముక్క ముట్టుకోలేదు. ఆ ఉంగరం ఇదిగో, వేలికే ఉంది. ఎక్కడికీ పోలేదు.”

ఎవరో దగ్గారు. కాపరి తలెత్తాడు.

“నాకు ఇంకా పోని పాపం ఒకటుంది. అది మీ అందరికీ తెలుసు.”

“నా కోటు!” అన్నారెవరో మధ్య బల్లల్లోంచి. సంఘమంతా గొల్లుమంది.

“ఆ, నీ కోటే. నీ ఒక్కడిదే కాదు, కూర్చో. రేపు ఇస్తానంటాను. అన్నప్పుడు ఇస్తాననే అనుకుంటాను. ఇవ్వను. ప్రార్థన చేశాను, ఇంకా పోలేదు. నిన్న సాయంత్రం కూడా ఇద్దరితో అన్నాను. ఇంకా పోని పాపం ఉన్నవాళ్లను లోపలికి రానివ్వకూడదంటే తలుపు దగ్గర నేను మొట్టమొదట ఆపవలసింది నన్నే కదండీ. ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు నన్ను నేను వదిలేశాను. మీరూ వదిలేశారు. దేవుడు మాత్రం చూసే రానిచ్చాడు. నాకు తెలిసిన విడుదల అదొక్కటే. అంతకంటే పెద్దది నా దగ్గర లేదు.”

ఆయన మైకును చూశాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. “తలుపు పోతుందని భయపడి నిన్న అబద్ధం చెప్పాను. ఇవాళ ఆ భయం లేదు. రేపటి సంగతి నేను చెప్పకూడదు, చెప్పినా మీరు నమ్మరు.”

మళ్లీ నవ్వారు. ఆయన మైకు కాపరి చేతిలో పెట్టి, వెనక్కి నడిచి, బావను దాటుకుని, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. రెక్క దానంతటదే మూసుకుంది.

ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. “విడుదల కాలేదని చెప్పడం విడుదల సాక్ష్యం ఎలా అవుతుంది?” అని హెడ్‌మాస్టరమ్మ అడిగింది. తార్కికంగా చూస్తే ఆ ప్రశ్నలో బలముంది. మేం మొదటిరోజు అబద్ధాన్ని విని ఆమోదించామనీ, రెండోరోజు నిజాన్ని విని తోసిపుచ్చుతున్నామనీ, ఈ రెంటినీ ఒకే కమిటీ ఎలా సమర్థించుకుంటుందో చెప్పాలనీ నేనన్నాను. టీ వచ్చింది. టీ తరవాత తలుపు సీసా మామయ్యకు ఇచ్చారు. తాగినవాళ్లను రానివ్వకూడదని స్పష్టంగా చెప్పి మరీ ఇచ్చారు. తాగుడు సంగతి ఆయనకంటే తెలిసినవాళ్లెవరున్నారు?

తరవాతి ఆదివారం దర్జీ ఎప్పటి వేళకే వచ్చాడు. లోపలికి రాలేదు. బయట మెట్ల మీద నిలబడ్డాడు. తీర్మానం సంఘంలోని సేవలకే కాని మెట్లకు వర్తించదని ఆయన ఎవరితోనూ వాదించలేదు, ఊరికే నిలబడ్డాడంతే. కాలరు సర్దాడు, దారప్పోగు తీశాడు, గొడుగు అందుకున్నాడు. మేం అందరం మెట్ల మీద ఒకసారి, గుమ్మంలో ఒకసారి వందనాలు అందుకుని లోపలికి వెళ్లాం. రెండో వందనంలో కాస్త ముభావం ఉంది.

పాట మొదలవుతుండగా పెయింటరు వచ్చాడు. ఈసారి వాసన ఎక్కువే. దర్జీ ఆయన భుజం తట్టి పైకి పంపాడు. గుమ్మంలో సీసా మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. నేను చివరి బల్ల పక్కనే నిలబడి ఉన్నాను కనక అంతా విన్నాను.

“ఇవాళ వద్దు బాబూ. మానేశాక రా.”

పెయింటరు కోప్పడలేదు. ఎంతో వినయంగా, “మామయ్యా, మిమ్మల్నే ఒకటి అడగాలని ఉంది” అన్నాడు. “పోయినేడు ఆ అరుగు మీద కూర్చుని మీ సాక్ష్యం విన్నా. మీరు కాలవలో పడ్డాక కదా దేవుడు విడిపించాడు? కుక్క ఏడ్చిందన్నారు. నన్ను చూసి ఏ కుక్కా ఏడవలేదు. అంటే నేనింకా అంతదాకా పోలేదన్నమాట. ఇంకా ఎంత తాగితే అక్కడికి చేరతానంటారు?”

ఆయన ఎగతాళి చెయ్యడం లేదు. ఆ ముఖంలో ఎగతాళి నేను వెతికాను, కనబడలేదు. దారి తెలిసినవాణ్ని దారి అడుగుతున్నట్టే అడిగాడు.

సీసా మామయ్య అడ్డం పెట్టిన చెయ్యి కిందికి దిగింది. మెట్ల మీద బావ ఉన్నాడు. ఆయనవైపు ఒకసారి చూశాడు. తరవాత ఎన్నడూ మైకు కోసం సాధన చెయ్యని గొంతుతో అన్నాడు:

“కుక్క ఏడవలేదురా. మొరిగింది. కాలవ లేదు. నేను తాగింది రెండు గ్లాసులు. వాంతయింది, మానేశాను. మిగిలినదంతా నేను కల్పించింది. నువ్వు ఇంకొక్క చుక్క కూడా తాగనక్కర్లేదు. ఇలాగే రా. రా లోపలికి.”

ఆ మాటలు చివరి బల్లకు వినిపించాయి. చివరి బల్ల నుంచి ముందు బల్లకు పాటకంటే త్వరగా చేరాయి. పాట సగంలో ఆగింది. హెడ్‌మాస్టరమ్మ లేచి వెనక్కి తిరిగింది. గుమ్మంలో సీసా మామయ్య పెయింటరు మోచెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. ఏడుపు రప్పించడంలో అంత అనుభవమున్న మనిషి ఇంత అందవికారంగా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. పట్టుకునేవాళ్లు లేక తలుపు రెక్క మూసుకోబోయి ఇద్దరి వీపులకూ తగిలింది. దర్జీ మెట్లెక్కి వచ్చి దాన్ని పట్టుకున్నాడు.

హెడ్‌మాస్టరమ్మ వాళ్లదాకా నడిచి వచ్చింది. ఆవిడ వేళ్లు బిగుసుకునే ఉన్నాయి. పెయింటరును చూసి, “చివరి బల్ల మీద గాలి రాదు. ఇటు కిటికీ దగ్గర కూర్చో” అంది. అది ఆవిడకు ఎంత బరువైన వాక్యమో నాకు తెలుసు.

ఆ తరవాత పెయింటరు తాగడం మానేశాడని రాస్తే కథ అందంగా ముగుస్తుంది. కొన్నాళ్లు మానేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు, ప్రస్తుతం మానేసి ఉన్నాడు. ప్రతి ఆదివారం కిటికీ దగ్గర ఉంటున్నాడు. ఇంతవరకే నేను ధ్రువీకరించగలను. సరిచూత రద్దు కాలేదు గాని ఈ ఏడు దానికెవరూ రాలేదు. విడుదల ఆదివారం నాడు సీసా మామయ్య లేచి రెండు గ్లాసుల సంగతి చెప్పి కూర్చున్నాడు. ఎవరూ ఏడవలేదు. ఆయన భార్య ఎన్నో ఏళ్ల తరవాత ఆరోజు మందిరానికి వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. తలుపు గురించి కమిటీ మళ్లీ చర్చించలేదు. రెండు రెక్కలున్నాయి కనక బావలిద్దరూ చెరొకటీ పట్టుకుంటున్నారు. కాపరి బోధించిన స్వేచ్ఛ పేరుతో బాధ్యతలన్నీ గాలికి పోతాయని నేను భయపడ్డాను. ఆ భయం అబద్ధమని తేలలేదు. దర్జీ విషయంలో నిజమనీ తేలలేదు. కోట్లు ఇంకా ఆలస్యమవుతున్నాయి. అడిగితే తల దించుకోవడం మాత్రం నేర్చుకున్నాడు.

పోయిన ఆదివారం చలిగాలి బాగా వీచింది. మెట్లెక్కుతూ నా కోటు సంగతి అడిగాను.

“రే...” అని, ఆగి, టేపు సవరించుకున్నాడు. “చేతులింకా అతకలేదండీ. ఎప్పటికవుతుందో నాకే తెలీదు.”

నాకు తెలిసినంతలో ఆయన నోటినుంచి వచ్చిన మొదటి నికరమైన గడువు అది. ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు. నేను కోటు లేకుండానే లోపలికి వెళ్లాను.